సంఘం మా అమ్మకి వేసిన దండ

మా అమ్మ ఫొటోకి దండ వేసిన రోజున అమ్మ వంటింట్లో గోంగూర పచ్చడి నూరుతోంది. నాకు అప్పుడు పదమూడేళ్ళు. ఈ సంగతి చెబితే కొందరు నవ్వుతారు, కొందరు "ఆవిడ మీ అమ్మగారా!" అని చేతులు జోడిస్తారు. నవ్వినా, దణ్ణం పెట్టినా నాకు ఒళ్ళు మండుతుంది.

పెనుగొండలో బస్సులు ఆగే వీధిలో మాకొక భోజన హోటలు ఉండేది. హోటలు మాదే గాని పేరు మాది కాదు. ఆ పేరు రాజమండ్రిలో ఒక పెద్దాయన నడిపే హోటలుది. ఆయనకి నెలనెలా కొంత కట్టి అదే పేరుతో బోర్డు మన గుమ్మానికి తగిలించుకోవాలి. సాంబారు పొడి, ఆవకాయ ఆయన దగ్గరే కొనాలి. ఏ వారం ఏ కూరో ఆయన చెప్పాలి, అరిటాకు ఎంత పొడుగుండాలో కూడా ఆయనే చెప్పాలి. ఇప్పుడు దీన్ని ఫ్రాంచైజీ అంటున్నారు. అప్పట్లో మేము "బోర్డు తెచ్చుకోవడం" అనేవాళ్ళం. అలా బోర్డు తెచ్చుకున్నవాళ్ళు తణుకులో ఒకరు, రావులపాలెంలో ఒకరు, రామచంద్రపురంలో ఒకరు, పెనుగొండలో మా నాన్న. రాజమండ్రితో కలిపి అయిదు హోటళ్ళు.

ఒక్క హోటలువాడు రాజమండ్రి సినిమా హాల్లో స్లైడు వేయించుకోలేడు. ఊరూరా గోడల మీద బొమ్మలు రాయించుకోలేడు. అయిదుగురూ కలిస్తే ఆ ఖర్చు మోయగలరు. అందుకని పెద్దాయన ప్రచార సంఘం ఒకటి పెట్టాడు. ప్రతి హోటలూ తన అమ్మకంలోంచి కొంత వాటా సంఘానికి ఇవ్వాలి, పెద్దాయన తన వాటా తనూ వేస్తాడు. ఏ బొమ్మ వేయించాలి, ఏ మాట రాయించాలి అన్నది అందరూ కూర్చుని తేల్చుకోవాలి. హోటలు చిన్నదైనా పెద్దదైనా మనిషికి ఒక్క చెయ్యి. ఎటు ఎక్కువ చేతులు లేస్తే అదే నిర్ణయం. ఒకసారి నిర్ణయం అయిపోయాక అయిదు చోట్లా అదే బొమ్మ, అదే మాట. ఎవరికి వారు సొంతంగా చిన్న కరపత్రం వేసినా కుదరదు, బోర్డు దింపించేస్తారు.

రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు గోడ మీద బొమ్మ చూసినవాడు, పెనుగొండలో దిగగానే అదే బొమ్మ చూసి మా దగ్గర తింటాడు. దానివల్ల మాకు కలిసొచ్చేది అంతే, కాని అదేం తక్కువ కాదు. సంఘంలో ఒకరినొకరు ఊరి పేర్లతోనే పిలుచుకునేవారు. తణుకు గారు ప్రతి మీటింగులోనూ "రంగు అంతా రాజమండ్రి గోడలకే పోతోందండీ" అని సణిగేవారట. మా నాన్న పెనుగొండ గారు. నాన్న ఎప్పుడూ సణిగేవాడు కాదు. నలుగురితో పాటు నారాయణా అనడమే ఆయన సిద్ధాంతం.

మా హోటలుకి జనం వచ్చేది బోర్డు చూసి కొంత, అమ్మ కోసం చాలా. వంట అమ్మదే. వడ్డించడానికి మనుషులున్నా, ఒక బంతి కూర్చున్నప్పుడల్లా ఆ వరస మొత్తానికి మొదటి గరిటె పప్పూ నెయ్యీ అమ్మే స్వయంగా వడ్డించేది. "ఏం బాబూ, నిన్న రాలేదేంటి, ఒంట్లో బాగోలేదా?" అని ఒకరిని, "పప్పు అలా పక్కకి తోస్తారేంటండీ, ఉప్పు ఎక్కువైందా?" అని ఇంకొకరిని పలకరించేది. తెల్లారకముందే పొయ్యి ముందు కూర్చుని పొగలో ఉడికిపోయే మనిషికి ఆ హాల్లోకి రావడమే ఒక పండగ. చీర కొంగు సర్దుకుని, మొహం తుడుచుకుని మరీ వచ్చేది. "నాకు జీతం అదేనే" అనేది నాతో.

అప్పటిదాకా సంఘం బొమ్మ అరిటాకులో అన్నం కుప్ప. ఏ హోటలువాడి బొమ్మైనా అదే. ఒక మీటింగులో రామచంద్రపురం గారు, వడ్డిస్తున్న తల్లి బొమ్మ పెడితే బాగుంటుందన్నారు. ఆ తల్లి ఎవరి ఇంటావిడ కావాలన్న దగ్గర పేచీ వచ్చింది. పెద్దాయన తన భార్య గోడలకెక్కడం మర్యాద కాదన్నాడు. తణుకు గారి ఇంట్లో ఒప్పుకోలేదు. రావులపాలెం గారికి ఇంకా పెళ్ళి కాలేదు. రామచంద్రపురం గారు తన భార్య లావు అన్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడిందో లేదో నాకు తెలియదు. మా నాన్న ఉబ్బిపోయి "మా ఆవిడ ఉందిగా అండీ" అన్నాడు.

తణుకు స్టూడియోలో ఫొటో తీశారు. ఇత్తడి గరిటె పట్టుకుని, నుదుట కాసంత బొట్టుతో, తలలో పూలతో అమ్మ నిలబడింది. పాపం నవ్వబోయింది. "నవ్వకండమ్మా, కదిలిపోతుంది" అన్నాడు ఫొటోగ్రాఫరు. అందుకని ఫొటోలో అమ్మ నవ్వదు. మనల్ని దాటి వెనకాల ఎవరినో చూస్తున్నట్టు ఉంటుంది. దాన్ని పెద్దది చేసి, చేత్తో రంగులు వేసి, అయిదు ఫ్రేములు కట్టించారు.

రాజమండ్రి హాల్లో తగిలించినప్పుడు గోడ బోసిగా ఉందనిపించి పెద్దాయన ఆ ఫొటోకి గంధపు చెక్క దండ వేయించాడు. కింద ఎర్రటి జీరో బల్బు పెట్టించాడు. ఆయన ఉద్దేశం అలంకారమే అయివుండొచ్చు. కాని మన వైపు గోడ మీద ఫొటోకి దండా దీపమూ ఉంటే దాని అర్థం ఏంటో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. అయిదుగురు పెద్దమనుషుల్లో ఒక్కడికీ అది తట్టలేదంటే ఏమనాలి! అన్ని చోట్లా ఒకేలా ఉండాలన్నది రూలు కాబట్టి మిగతా నలుగురికీ దండలూ బల్బులూ బస్సులో వచ్చేశాయి. నాన్న స్టూలెక్కి, మేకు కొట్టి, ఫొటో తగిలించి, దండ వేసి, స్విచ్చి నొక్కాడు.

అమ్మ పచ్చడి చేతుల్తోనే వంటింట్లోంచి వచ్చి చూసింది.

"బతికున్నదానికి దండేంటండీ?" అంది.

"డెకరేషనే. అన్ని చోట్లా అలాగే పెట్టారు. మనం ఒక్కళ్ళం తీస్తే బాగోదు."

"తీసెయ్యండి. చూస్తుంటే గుండెల్లో ఎలాగో ఉంది."

"వచ్చే మీటింగులో చెబుతాలే" అన్నాడు నాన్న, స్టూలు దిగుతూ.

మీటింగు వచ్చేలోగా ఊళ్ళ మీద కథ పాకిపోయింది. రావులపాలెంలో బస్సు దిగి తినేవాళ్ళు ఫొటో చూసి "పాపం, ఎలా పోయారండీ?" అని వడ్డించేవాళ్ళని అడగడం మొదలుపెట్టారు. వడ్డించేవాడికి అమ్మ ఎవరో తెలియదు. అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలిగా. వంటింట్లోనే పోయిందండీ, చేతిలో గరిటె చేతిలోనే ఉండగా, అన్నాడు. రామచంద్రపురం చేరేసరికి, ఆఖరి బంతికి వడ్డించి, తను తినకుండానే పోయిందని అయింది. తణుకులో ఇంకో రెండు మాటలు కలిశాయి. ఎవరూ పని కట్టుకుని అబద్ధం ఆడలేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఆ కథ వింటూ జనం ఇంకో గరిటె అన్నం పెట్టించుకునేవారు. కొందరు కళ్ళు తుడుచుకునేవారు. వాళ్ళే మర్నాడు ఇంకొకరిని వెంటబెట్టుకుని వచ్చేవారు.

మీటింగుకి నాన్నతో నేనూ రాజమండ్రి వెళ్ళాను, నాకు స్కూలు బట్టలు తీయాలని. బస్సులో నాన్న గట్టిగానే ఉన్నాడు. దండ తీయించేస్తాననే చెప్పాడు. హోటలు మేడ మీద చాప పరిచి అయిదుగురూ కూర్చున్నారు. నన్ను మెట్ల దగ్గర కూర్చోమన్నారు. అక్కడి నుంచి అందరూ నాకు కనబడుతూనే ఉన్నారు.

"చూడండి" అన్నాడు పెద్దాయన. "ఫొటో పెట్టినప్పటి నుంచి అయిదు చోట్లా బంతులు పెరిగాయి. ఆవిడ పోయారని మనం చెప్పలేదు, జనం అనుకున్నారు. అనుకున్నదాన్ని మనం ఎందుకు కాదనాలి? స్లైడు మీద ఒక్క ముక్క వేయిద్దాం. అమ్మ వెళ్ళిపోయింది, అమ్మ రుచి మిగిలింది."

"అయ్యా, ఆవిడ ఉందండీ" అన్నాడు నాన్న.

"ఉన్నారండీ. నూరేళ్ళు ఉండాలి. ఎవరు కాదన్నారు? ఇది పై ఊళ్ళవాళ్ళ కోసం."

రావులపాలెం గారు గొంతు సవరించుకున్నారు. "ఒక్క చిక్కు ఉందండి. పెనుగొండలో అమ్మవారి గుడికి వచ్చేవాళ్ళంతా పై ఊళ్ళవాళ్ళే. రాజమండ్రిలో పోయినావిడ పెనుగొండలో పప్పు వడ్డిస్తుంటే ఎలాగండీ? అయిదు హోటళ్ళకీ చెడ్డపేరు. ఆవిడ హాల్లోకి రాకుండా ఉంటే మంచిదని నా మనవి."

నాకు నవ్వొచ్చింది. ఎవరో ఒకరు నవ్వుతారనీ, ఆ నవ్వుతో ఈ మాట తేలిపోతుందనీ ఎదురుచూశాను. ఎవరూ నవ్వలేదు. సరుకు ధర గురించి మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు. సరేనన్నవాళ్ళు చేతులెత్తమన్నాడు పెద్దాయన. నాలుగు చేతులు లేచాయి. నిర్ణయానికి ఆ నాలుగూ చాలు, నాన్న చెయ్యి అక్కర్లేదు కూడా. అయినా నాన్న అటూ ఇటూ చూసి, మెల్లిగా తన చెయ్యి కూడా ఎత్తాడు.

ఆ చెయ్యిని నేను మర్చిపోలేదు, క్షమించనూ లేదు. తర్వాత నాన్న నన్ను ఎంత ప్రేమగా చూసుకున్నా, ఆ చేత్తో నా తల నిమిరినప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది. "కొన్నాళ్ళేనే, తర్వాత బొమ్మ మారుస్తారు" అన్నాడు నాన్న. "మీరేమన్నారు?" అంది. నాన్న చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. "చెయ్యెత్తాడమ్మా" అన్నాను నేను. అమ్మ నాన్న వైపు చూడలేదు, పొయ్యి దగ్గరికి వెళ్ళి ఎసట్లో బియ్యం పోసింది.

మర్నాటి నుంచి మొదటి గరిటె పప్పు వేరేవాళ్ళు వడ్డించారు. వంటింటికీ హాలుకీ మధ్య ఒక తలుపు ఉండేది. దానికి కొత్తగా గోనెగుడ్డ తెర కట్టారు. అమ్మ వంట చేసి, గిన్నెలు తెర కింద నుంచి తోసేది. పని అదే, వంట అదే, జనం ఇదివరకటి కన్నా ఎక్కువ. హాల్లో మాత్రం ఇదివరకటి సందడి ఉండేది కాదు. గుళ్ళో మాట్లాడుకున్నట్టు నెమ్మదిగా మాట్లాడుకునేవారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఫొటో వైపు చూసేవారు.

ఒకరోజు అమ్మ తెర ఇవతల నిలబడి "ఆఁ, వస్తున్నా" అంది గట్టిగా. నేను అక్కడే ఉన్నాను. ఎవరూ పిలవలేదే అన్నాను. "పిలిచారే, అమ్మా అని" అంది. తెర సందులోంచి చూశాను. ముసలాయన ఒకాయన ఆకు ముందు కూర్చుని ఫొటోతో మాట్లాడుతున్నాడు. "అమ్మా, నీ చేతి పప్పు ఇదే ఆఖరుసారేమో, ఆపరేషనుకి పోతన్నాను" అంటున్నాడు. ఇదివరకైతే అమ్మ వెళ్ళి ఆయన ధైర్యం కూడగట్టేదాకా వదిలేది కాదు. ఇప్పుడు తెర పట్టుకుని నిలబడిపోయింది. ఆయన చెప్పింది అంతా విని, మళ్ళీ వచ్చి కూర్చుంది. "వాళ్ళు నాతోనే మాట్లాడుతున్నారు, నేను పలికితే మాత్రం కుదరదు" అంది.

ఇవన్నీ పై ఊళ్ళవాళ్ళ సంగతి. మా ఊరివాళ్ళు మొన్నటిదాకా ఆవిడ చేత్తో తిన్నవాళ్ళు, బతికుందని తెలిసినవాళ్ళు. మొదట్లో వాళ్ళు పరాచికాలాడారు. "ఏమ్మా, స్వర్గంలో కూరలేంటి?" అని పాలు పోసే ఆవిడ కూడా అనేది. రానురాను ఆ పరాచికాలు ఆగిపోయాయి. ఎందుకో ఎవరూ చెప్పలేరు. పాలావిడ గిన్నె గుమ్మంలో పెట్టి, అమ్మ మొహం చూడకుండా వెళ్ళడం మొదలుపెట్టింది. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలవడానికి మా వీధి ఆడవాళ్ళు వచ్చి, హాల్లో దండా దీపమూ చూసి, నాకు బొట్టుపెట్టి, నన్ను పిలిచి వెళ్ళిపోయారు. అమ్మ లోపలే ఉందని వాళ్ళకి తెలుసు. గాజుల చప్పుడు వినపడుతూనే ఉంది. "ఏమీ అనుకోకమ్మా. శుభమా అని నోము పట్టుకుంటూ..." అని ఒకావిడ నా చెవిలో నసిగింది. నేను ఆ పేరంటానికి వెళ్ళలేదు. తలుపు వాళ్ళ మొహాన వేద్దామనుకున్నాను గాని అమ్మ ఊరుకోమంది.

వాళ్ళే ఇంకో శుక్రవారం పసుపూ కుంకుమా తెచ్చి ఫొటోకి పెట్టారు. మా వైపు భర్త ఉండగా ముత్తయిదువగా పోయిన ఆడదాన్ని పేరంటాలమ్మ అంటారు. చిన్న గుడి కడతారు, రవికె గుడ్డ పెట్టి మొక్కుకుంటారు. మా ఊరికి అమ్మవార్లు కొత్త కాదు. బొట్టూ పూలూ ఉన్న ఫొటో, పక్కనే గల్లా దగ్గర నిక్షేపంగా కూర్చున్న భర్త. ఇంకేం కావాలి? పేరంటానికి పిలవకూడని మనిషి వెనక గదిలో ఉంటే, ముందు గదిలో ఆ మనిషికే తాంబూలం ఇచ్చారు.

సంఘం దీనికి కూడా ఒక పద్ధతి పెట్టింది. మొదటి బంతికి ముందు ఫొటో కింద చిన్న ఆకు వేసి అన్నీ వడ్డించాలని, అయిదు చోట్లా అలాగే చేయాలని కబురొచ్చింది. జనం చూస్తారట, బాగుంటుందట. అన్నీ అయ్యాక ఆ ఆకు ఏం చేయాలో కబురులో లేదు. పారేయడానికి ఎవరికీ చేతులు రాక, తద్దినం నాడు చేసినట్టు పెరటి గోడ మీద పెట్టారు. కాకులు వచ్చాయి.

పోయినవాళ్ళకి తీరని కోరిక ఉంటే కాకి అన్నం ముట్టదంటారు. మా తాతగారి పదోరోజున కాకి కోసం ఊరంతా గంటల తరబడి బతిమాలడం నాకు తెలుసు. అమ్మ ఆకుకి మాత్రం కాకి ఒక్కరోజూ తటపటాయించలేదు. ఆకు పెట్టి చెయ్యి తీసేలోపు వాలేది. అమ్మ వంటింటి గడపలో కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, తన పేరున పెట్టిన అన్నం కాకి తినడం చూసేది.

"నాకు తీరని కోరికేం లేదన్నమాట" అంది ఒకరోజు.

నేను ఏడ్చాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. కాకి ఎగిరిపోయేదాకా చూసి, అప్పుడు నా వైపు తిరిగి, "నా మాట నీకు వినపడుతోందా?" అని అడిగింది. వినపడుతోందమ్మా అన్నాను. "అయితే సరే" అని లేచింది. ఆ తర్వాత ఆ మాట తరచుగా అడిగేది. నేను చదువుకుంటుంటే వెనక నుంచి వచ్చి అడిగేది. విసుగొచ్చి ఒక్కోసారి నేను పలికేదాన్ని కాదు. అప్పుడు నా భుజం గిల్లి చూసేది.

కార్తీకమాసంలో ద్రాక్షారామం మొక్కు తీర్చుకోవడానికి అమ్మా నేనూ బస్సులో వెళ్ళాం. దారిలో సిద్ధాంతం ఊరి దగ్గర రైసుమిల్లు గోడ మీద సంఘం బొమ్మ ఉందని మాకు తెలుసు గాని చూడలేదు. వానలకి రంగు వెలిసినప్పుడల్లా పెయింటరు వచ్చి మళ్ళీ రాసేవాడట, రాసినప్పుడల్లా కళ్ళు ఇంకాస్త పెద్దవయ్యేవట. మేము చూసేసరికి ఆ కళ్ళు చెవుల దాకా ఉన్నాయి. గరిటె శూలంలా నిటారుగా ఉంది. గోడ అడుగున పసుపు రాశారు. మేకుకి గాజులు గుత్తిగా వేలాడుతున్నాయి. హోటలు పేరు మీద ఎవరో సున్నం కొట్టేశారు, బొమ్మ మాత్రమే మిగిలింది. డ్రైవరు బస్సు నెమ్మది చేసి కళ్ళకద్దుకున్నాడు. బస్సులో ఆడవాళ్ళంతా చేతులు జోడించారు.

అమ్మ పక్కన కూర్చున్నావిడ అమ్మని మోచేత్తో పొడిచి "దణ్ణం పెట్టుకోమ్మా, చల్లని తల్లి. అన్నం పెడుతూ పోయింది" అంది. అమ్మ ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. గుర్తుపడుతుందేమోనని చూసింది. ఆవిడ అమ్మనీ, గోడనీ మార్చి మార్చి చూసి, మళ్ళీ గోడకే దణ్ణం పెట్టింది. అప్పుడు మా అమ్మ రెండు చేతులూ ఎత్తి తనకి తను దణ్ణం పెట్టుకుంది. ద్రాక్షారామం వెళ్ళేదాకా నేను అమ్మ చెయ్యి వదలలేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉందా లేదా అనే చూసుకుంటూ కూర్చున్నాను.

మాఘమాసంలో మా ఊరి అమ్మవారి ఉత్సవాలకి జనం విరగబడ్డారు. మధ్యాహ్నం హాలు నిండిపోయింది, వీధిలో కూడా నిలబడి ఉన్నారు. పప్పు దించి అమ్మ చేతులు కడుక్కుంది. గోడకున్న చిన్న అద్దంలో మొహం చూసుకుని బొట్టు సరిచేసుకుంది, చీర కొంగు బొడ్లో దోపుకుంది. చాలాకాలానికి ఆవిడ అలా చేయడం చూసి నాకు విషయం అర్థమైంది.

"ఇవాళ నేనే వడ్డిస్తాను" అంది. నాన్న తెర దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "సంఘం ఏమంటుందే, బోర్డు పోతుంది" అన్నాడు, గొంతు తగ్గించి.

"చచ్చినావిడ లేచొచ్చిందని చెప్పండి మీ సంఘానికి. ఒకే ఒక్క మాట అని వస్తాను. అయ్యా, నేను బతికే ఉన్నాను అంటాను. అంతే. బోర్డు పోతే పోనివ్వండి, సొంత పేరు పెట్టుకుందాం."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నెయ్యి గిన్నె నేనే పట్టుకుని వెనకాలే వెళ్ళాను. అమ్మ పప్పు గిన్నెతో తెర తీసి హాల్లో అడుగుపెట్టింది.

ముందు వరసలో ఒకాయన పచ్చడి ముద్ద కలుపుతూ తలెత్తి చూశాడు. ముద్ద అలాగే ఉండిపోయింది. పక్కాయన చూశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అమ్మని చూసి, గోడ మీద ఫొటో చూసి, మళ్ళీ అమ్మని చూశారు. గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. ఎవరూ లేవలేదు, పారిపోలేదు. వీధిలో సన్నాయి మేళం దూరంగా వెళ్ళిపోతుంటే వినపడింది. అమ్మ నోరు తెరిచింది.

అప్పుడు చివరి ఆకు దగ్గర నుంచి ఒకావిడ లేచింది. అమ్మ వయసే ఉంటుంది. కోనసీమ నుంచి ఉత్సవాలకి వచ్చినవాళ్ళని తర్వాత తెలిసింది. ఆవిడ ఆకులో వడ్డించినవేవీ ముట్టుకోలేదు. వరసల మధ్య నుంచి నడిచి వచ్చి అమ్మ ముందు నిలబడింది. భయపడలేదు. ఎవరి కోసమో బస్టాండులో చాలాసేపు ఎదురుచూసి, ఆ మనిషి దిగగానే దగ్గరికి వచ్చినట్టు వచ్చింది.

"అమ్మా, అక్కడ మా పిల్ల కనపడిందా అమ్మా?" అంది. "కిందటి వానల్లో కాలవలో పడి పోయింది. ఆరేళ్ళది. ఎర్ర రిబ్బన్లు ఉంటాయి. ఆకలికి ఆగలేదు తల్లీ అది. ఎవరన్నా పెడుతున్నారో లేదో అని..."

వెనక ఆవిడ భర్త లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని ఉన్నాడు. నేను అమ్మ వీపు చూస్తున్నాను. చెప్పమ్మా, చెప్పేయ్, అనుకుంటున్నాను. అనుకున్న ఒక్క మాట అనేసి వచ్చేయమ్మా.

"కనపడిందమ్మా" అంది అమ్మ.

ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుంది.

"నా దగ్గరే ఉంది. వేళకి అన్నం పెడుతున్నాను."

"పప్పూ నెయ్యా?"

"పప్పూ నెయ్యే."

"తనంతట తను తినదమ్మా. ముద్దలు చేసి పెట్టాలి."

"ముద్దలు చేసే పెడుతున్నాను" అంది అమ్మ. "ఇక నువ్వు తిను. నువ్వు తినలేదని బెంగ పెట్టుకుంది."

ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆకు ముందు కూర్చోబెట్టింది. పప్పు వడ్డించింది. నా చేతిలోంచి గిన్నె తీసుకుని నెయ్యి వేసింది. ఆవిడ కలిపి తినడం మొదలుపెట్టేదాకా పక్కనే నిలబడింది. ఆ హాల్లో అంతమంది ఉన్నా ఆవిడ నమలడం ఒక్కటే వినపడింది. ఇంకెవరికీ వడ్డించకుండా, ఎవరితో ఏ మాటా అనకుండా, అమ్మ వచ్చిన దారినే వెనక్కి నడిచి తెర దాటి లోపలికి వెళ్ళింది. జనం చేతులు జోడించే ఉన్నారు.

ఆ సాయంత్రం హాలు కడిగాక నాన్న స్టూలు తెచ్చి ఫొటో కింద వేశాడు. నా ఎదుట ఆయన ఏడవడం అదే మొదలు. "తప్పయిపోయిందే. బోర్డు దింపేద్దాం. ముందు ఈ పాడు దండ తీసేస్తాను" అంటూ స్టూలెక్కి దండ మీద చెయ్యి వేశాడు. నేను ఎన్నాళ్ళుగానో కోరుకున్నది అదే. అమ్మ తెర పక్కన నిలబడి చూస్తోంది.

"ఉండనివ్వండి" అంది. "అది తీసేస్తే ఆ పిల్లకి ముద్దలు చేసి పెట్టేదెవరు?"